భుజమెత్తు పూలు

పద్నాలుగో భాగం

పోయిన వారం మైత్రేయిని జూబ్లీహిల్స్‌లో ఆ పాత బంగళా గేటు ముందు నిలబెట్టి వదిలాం. ఆమె చేతిలో నగరపాలక ఉద్యోగిగా తాను రాసి, తాను సంతకం పెట్టిన నివేదిక ఉంది. వెనక వ్యానులోంచి ఎనిమిది మంది కూలీలు, వాళ్ళ మేస్త్రీ మంజులత గడ్డపారలతో దిగుతున్నారు. బంగళా వెనక గుట్టవాలంతా పాకిన లొట్టపీసు మొక్కల్ని వేళ్ళతో సహా తీసెయ్యాలని ఆ నివేదిక. ఆ మొక్కలే వాననీరు పోయే నాలాలోకి దిగి, దాన్ని పూడ్చేసి, పోయిన వానాకాలంలో కింద ఫిల్మ్ నగర్ బస్తీ ఇళ్ళలోకి మోకాలి లోతు నీళ్ళు తెచ్చాయి. బంగళా యజమానురాలు శ్యామలాదేవి అన్నిటికీ ఒప్పుకుంది, ఒక్కదానికి తప్ప. మేడ కిటికీ కింద ఉన్న గుబురు జోలికి రావద్దంది. "తియ్యక తప్పదంటే, ముందు ఆ అమ్మాయిని ఒక్క అరగంట నా దగ్గర కూర్చోమనండి" అని కబురు పెట్టింది.

ఆ అరగంట కోసమే మైత్రేయి ఇప్పుడు గేటు తీసుకుని లోపలికి నడిచింది.

"ఏంది మేడం, లొట్టపీసు పీకెతందుకు గూడ ముహూర్తం చూసుడేనా?" అంది మంజులత, కొంగు నడుముకు చుట్టుకుంటూ.

"పెద్దామె అడిగింది మంజులక్కా. మీరు వెనక వాలు మొదలుపెట్టుండ్రి. కిటికీ కిందిది మాత్రం నేను చెప్పేదాక ముట్టొద్దు."

"మా ఊర్ల పనికిరానోన్ని లొట్టపీసుగాడు అంటరు. గీడ చూస్తే దానికి గూడ జూబ్లీహిల్స్‌ల బంగళా దొరికింది. మాకు యూసుఫ్‌గూడల ఒక్క అర్ర కిరాయికి దొరుకుతలేదు!"

కూలీలు నవ్వారు. మైత్రేయికీ నవ్వొచ్చింది కానీ నిలవలేదు. కిటికీ కింద గుబురు ఎదురుగా ఉంది. రెండు నిలువుల ఎత్తు పెరిగి, గోడనిండా ఒరిగి, ఆ పొద్దుటి ఎండలో విచ్చుకున్న పూలతో నిండుగా ఉంది. లేత వంగపండు రంగు పూలు, లోపల గొంతు దగ్గర చిక్కని రంగు. ఇంత అందమైనదాన్ని కలుపు అని రాయడానికి చెయ్యి రాదు ఎవరికైనా. ఆమె రాసింది. రాయడం తన పని. బస్తీలో తడిసిన బియ్యం బస్తాలు, మంచం కోళ్ళకు అంటిన బురద గీతలు ఆమె కళ్ళారా చూసింది.

ఈ పువ్వు ఆమెకు కొత్తది కాదు. చిన్నప్పుడు నాయిన రోజూ పొద్దున పనినుంచి వస్తూ ఒక పువ్వు తెచ్చేవాడు. దాన్ని ఆమె మైకు పువ్వు అనేది. నోటి దగ్గర పెట్టుకుని, "హలో, హలో, రెడీ, స్టార్ట్" అని అరిచేది. ఏ చెరువు గట్టునో కోసుకొస్తున్నాడనుకుంది. కాలేజీలో చదివేటప్పుడు పుస్తకంలో దాని బొమ్మ చూసి, ఇది పశువులకు విషమనీ, చెరువుల్ని మింగేస్తుందనీ తెలిసి, ఎవరికీ చెప్పుకోలేని చిన్న దిగులు పడింది. అంతే. వాళ్ళింట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. మొదటి నివేదిక మీద సంతకం పెట్టిన రోజు ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే, చదవడం రాని నాయిన ఆ సంతకం మీద వేలు పెట్టి అడిగాడు: "ఇదేనా నీ పేరు?" అవునంటే చాలాసేపు వేలు తియ్యలేదు. తర్వాత, "నా పేరు గూడ ఒకపారి తెర మీద పడాల్సి ఉండె" అని నవ్వి ఊరుకున్నాడు.

మేడ మీద గదిలో కిటికీ పక్కన ఒక ఇనప మంచం ఉంది. పరుపు లేదు. ఆ మంచం పక్క కుర్చీలో శ్యామలాదేవి కూర్చుని ఉంది.

"రామ్మా. మెట్లు ఎక్కువ కదూ? కాఫీ తాగుతావా?"

మైత్రేయి ఉలిక్కిపడింది. ఆ గొంతు తనకు తెలుసు. టీవీలో పాత సినిమాల్లో ఎంతమంది హీరోయిన్ల నోట విన్నదో. ముఖానికి డెబ్బై దాటాయి, గొంతుకు మాత్రం పాతికే.

"వద్దండీ. పనివాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"నీ నివేదిక చదివించుకున్నాను. ఒక్క ముక్క మిగిలినా మళ్ళీ వేరు పోసుకుంటుంది అని రాశావు. ఆ మాట దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నాను."

"అది నిజమండీ. కాడ ముక్క తడిమట్టి మీద పడితే చాలు. వాలంతా శుభ్రం చేసినా ఈ గుబురు ఉంటే రెండేళ్ళలో నాలా మళ్ళీ నిండుతుంది. అందుకే వదల్లేనంటున్నాను. మీ మీద కోపం కాదు."

"తెలుసు. నేను చెప్పదలిచింది వేరు. దీన్ని నాటినప్పుడు దీనికి వేళ్ళే లేవమ్మా."

మైత్రేయికి అర్థం కాలేదు.

"ఒక్కరోజు షూటింగ్‌కి గుచ్చిన కొమ్మలివి. మా ఆయన కాశీవిశ్వనాథం గారు తీసిన మొదటి సినిమా. ఆఖరిదీ అదే. పాటలో హీరోయిన్ ఏదో చలిదేశపు పూలతోటలో నడవాలి. అంత దూరం యూనిట్‌ని తీసుకెళ్ళే స్తోమత మాకెక్కడిది? షూటింగులకు మొక్కలు సర్దే మనిషి ఒకడు, ‘ఫికర్ చెయ్యకుండ్రి సారూ, పొద్దుగాల్ల వరకు తోట ఉంటది’ అన్నాడు. తెల్లారేసరికి ఏ చెరువులోంచో బండెడు కొమ్మలు కోసుకొచ్చి ఇదిగో, ఈ నేలంతా గుచ్చేశాడు. కెమెరాలోంచి చూస్తే నిజంగా ఏ దేశమో చెప్పలేకపోయాం. డైరెక్టర్ అతన్ని కౌగిలించుకున్నాడు. టైటిల్స్‌లో నీ పేరు వేస్తానన్నాడు."

మైత్రేయి కుర్చీలో కాస్త ముందుకు జరిగింది.

"సగం పాట అయింది. హీరోయిన్ డేట్స్ అయిపోయాయి. మిగతా సగం తర్వాత తీద్దాం, అప్పటిదాకా తోట ఇలాగే ఉండాలి, ఒక్క ఆకు తేడా రాకూడదన్నారు. కంటిన్యుటీ అంటారు, నీకు తెలుసో లేదో."

తెలుసు. ఇంట్లో గిన్నె ఒకచోటు నుంచి ఇంకోచోటికి జరిగితే నాయిన అనే మాట అది. "కంటిన్యుటీ ఖరాబైంది బిడ్డా, ఏడిది ఆడ పెట్టు."

"అతను రోజూ పొద్దున్నే వచ్చి నీళ్ళు పోసేవాడు. కొమ్మలు బతికాయి. బతికితే పెరుగుతాయి కదా? పెరిగితే షాటు కలవదు. అందుకని తన భుజం ఎత్తుకు కొలత పెట్టుకున్నాడు. భుజం దాటిందల్లా కోసేసి, ముక్కల్ని వెనక గోడ అవతలికి విసిరేసేవాడు."

"గోడ అవతలికా?"

"అవును. నువ్వు రాసిన గుట్టవాలు అదే."

కింద గడ్డపారల చప్పుడు మొదలైంది. ఒక్క పాటలో సగం కోసం, కొలత తప్పకుండా కోసి పారేసిన ముక్కలు. అవి వేరు పోసుకుని, వాలు దిగి, నాలా పట్టి, బస్తీ ఇళ్ళదాకా వెళ్ళాయి. నివేదికలో ‘వ్యాప్తికి మూలకారణం తెలియలేదు’ అని రాసిన చోటు మైత్రేయికి గుర్తొచ్చింది.

"ఎన్నాళ్ళు చేశాడండీ అలా?"

"ఏడాదిన్నర."

"షూటింగ్ అన్నాళ్ళు ఆగిందా?"

శ్యామలాదేవి వంగింది. మంచం కింద నుంచి అట్ట ఊడిన ఆల్బం తీసి మైత్రేయి ఒళ్ళో పెట్టింది. "కంటిన్యుటీ ఫోటోలు. అసిస్టెంట్ డైరెక్టర్ తీసినవి. చూడు, నా తోట ఎలా ఉండేదో."

మొదటి పేజీలో పూలు, పూల నడుమ క్లాప్ బోర్డు. రెండో పేజీలో అదే తోట, ఇంకాస్త దూరం నుంచి. మూడో పేజీలో పూల పక్కన ఒక మనిషి నిటారుగా నిలబడి ఉన్నాడు. కొలత కోసం. పూలు సరిగ్గా అతని భుజం దగ్గర ఆగాయి. ఒత్తయిన జుట్టు. చేతిలో నీళ్ళ డబ్బా. ఫోటో తీస్తున్నారని ఊపిరి బిగబట్టి నిలుచున్న ముఖం. కింద పెన్నుతో రాసి ఉంది: తోట - తిరుమలేశ్.

మైత్రేయి తండ్రి పేరు ఎక్కడైనా రాసి ఉండగా చూడటం రేషన్ కార్డు తర్వాత అదే.

ఆ పేరు మీద వేలు పెట్టింది. శ్యామలాదేవి కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పుకుపోతోంది.

"షూటింగ్ మొదలైన మూడో వారంలోనే సినిమా ఆగిపోయిందమ్మా. ఆ మాట వినగానే మా ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది. స్పృహ వచ్చాక ఏమీ గుర్తులేదు. సినిమా ఆగిందన్న సంగతి కూడా. డాక్టరు చెప్పొద్దన్నాడు. ఈ మంచం మీదే పడుకుని, పొద్దున్నే కిటికీలోంచి చూసేవారు. తిరుమలేశ్ నీళ్ళు పోస్తూ కనపడితే, ‘తోట ఉంది కదూ? అయితే షూటింగ్ ఉంటుంది’ అని ఇడ్లీ తినేవారు. అతను కనపడని రోజు ముద్ద ముట్టేవారు కాదు. నేనేం చెయ్యను? కిందికి వెళ్ళి, వచ్చేవారం డేట్స్ దొరుకుతాయట అని చెప్పేదాన్ని. మళ్ళీ వచ్చేవారం అని చెప్పేదాన్ని. డబ్బింగ్‌లో ఎవరి పెదాలకో మాటలు అతికించడం నా పని. ఇంట్లోనూ అదే చేశాను."

"ఆ మనిషి అడగలేదా?" అంది మైత్రేయి.

"ఒక్కసారి సెలవు అడిగాడు. ఒక్కటంటే ఒక్కసారి. సాయంత్రం వచ్చి, ‘అమ్మా, ఇంటిదానికి నాలుగు దినాల సంది జెరం. రేపు పొద్దున పెద్దాసుపత్రికి తీస్కపోవాలె’ అన్నాడు. ఆ ముందురోజే ఆయన బాగా నీరసించి ఉన్నారు. రేపు అతను కనపడకపోతే ఏమవుతుందో అని భయం వేసింది. ఉన్న గొంతంతా కూడదీసుకుని చెప్పాను: రేపు పొద్దున ఆరింటికి షాట్. నువ్వు లేకపోతే కుదరదు అని. అతను పొద్దున అయిదున్నరకే వచ్చాడు. పది దాకా నిలబడ్డాడు. పదింటికి షాట్ క్యాన్సిల్ అని పైనుంచి కేకేశాను. మర్నాడు రాలేదు. వాచ్‌మన్ చెప్పాడు, ఆమె పోయిందట. అతను ఇక్కడ నిలబడి ఉండగానే."

శ్యామలాదేవి ఖాళీ మంచం మీద చెయ్యి పెట్టింది.

"నెల తిరక్కుండా మా ఆయనా పోయారు. అతనికి ఎదురుపడే ధైర్యం లేకపోయింది. ఈ గుబురు మాత్రం కొట్టించలేకపోయాను. ఇప్పుడు ఎలాగూ తీస్తారు కదా, తీసే ముందు నిజం చెప్పెయ్యాలని కార్మికుల యూనియన్‌లో అడిగి, అతనికి కబురు పెట్టించాను. ఈపాటికి రావాలి. నువ్వు పక్కన ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉంటుందని నిన్ను కూడా... ఏమ్మా? అలా ఉన్నావేం?"

"ఆమె పేరు పుష్పవల్లి" అంది మైత్రేయి.

శ్యామలాదేవి తల తిప్పింది.

"మా అమ్మ. నాకప్పుడు నాలుగేళ్ళు."

ఆ పొద్దు మైత్రేయికి పూర్తిగా గుర్తులేదు. గుర్తున్నంత మాత్రం ఎన్నడూ చెదరలేదు. యూసుఫ్‌గూడలో ఒకే గది. చాప మీద అమ్మ. గిన్నెలో చల్లారిన గంజి. అమ్మ లేస్తుందని కూర్చుంది. ఎంతకీ లేవకపోతే, ముందురోజు నాయిన తెచ్చిన మైకు పువ్వు, అప్పటికే వాడి మెత్తబడింది, అమ్మ చెవి దగ్గర పెట్టి "హలో, హలో" అంది. అట్లా ఎన్నిసార్లు అన్నదో. తలుపు తీసుకుని నాయిన వచ్చేదాకా అంటూనే ఉంది. పెద్దయ్యాక అడిగితే నాయిన ఒక్కటే చెప్పాడు, "ఆ పొద్దు షూటింగ్ ఉండె బిడ్డా" అని. షూటింగ్ అంటే తిండి. తిండి కోసం పోయిన మనిషిని ఏమంటాం? ఆమె ఏమీ అనలేదు. ఇరవై రెండేళ్ళు ఆ షూటింగ్‌ని నమ్మి బతికింది.

"అమ్మాయ్..." శ్యామలాదేవి చెయ్యి చాచింది. ఆ గొంతు ఒక్కసారిగా డెబ్బై ఏళ్ళదైపోయింది. "క్షమించమని అడగను. అడిగే మొహం లేదు."

"మీరు మీ ఆయన కోసం చేశారు. మీ చోట నేనున్నా చేసేదాన్నేమో." మైత్రేయి ఆల్బం మూసి మంచం మీద పెట్టింది. "కానీ మా అమ్మకు కూడా ఒక మొగుడున్నాడండీ. ఆమె కూడా తలుపు దిక్కు చూసే ఉంటుంది."

మెట్లు దిగింది. ఎలా దిగిందో తెలీదు. కింద ఎండ కళ్ళలో గుచ్చుకుంది.

"మంజులక్కా! ఈ గుబురు కొట్టెయ్యండి. వేరు కూడా మిగలొద్దు."

"అరగంట గాకముందే అయిపోయిందా ముచ్చట?" అంటూ వచ్చిన మంజులత, మైత్రేయి ముఖం చూసి గమ్మున ఆగింది. "ఏమైంది మేడం? ముసలామె ఏమన్న అన్నదా? జర నీళ్ళు తాగు ముందు."

"కొట్టెయ్యమన్నా కదా!"

గేటు బయట ఆటో ఆగింది. తిరుమలేశ్ దిగాడు. ఉతికిన తెల్లచొక్కా, పైగుండీ దాకా పెట్టుకుని ఉంది. పెద్దవాళ్ళు పిలిస్తే అట్లాగే వస్తాడు. లోపలికి అడుగుపెట్టి, కూతుర్ని చూసి నిలబడిపోయాడు. "బిడ్డా? నువ్వీడ..." అని, గడ్డపారల్ని, కూలీల్ని, ఆమె చేతిలో కాగితాన్ని చూశాడు. ఆ కాగితం మీద సంతకం అతనికి తెలుసు. ఇక అడగలేదు.

నెమ్మదిగా గుబురు దగ్గరికి నడిచాడు. దాని పక్కన నిటారుగా నిలబడ్డాడు, ఫోటోలో నిలబడినట్టే. అరచెయ్యి చాపి భుజం దగ్గర పెట్టాడు. పూలు అతని తలకు ఎంతో ఎత్తున ఉన్నాయి.

"శానా పెరిగినయ్" అన్నాడు.

"నాయినా." మైత్రేయి అతని ఎదురుగా వచ్చింది. చెప్పకుండా దాచే వయసు దాటిపోయింది తనకు. "ఆ పొద్దు షాట్ లేదు. ఈ ఇంటి పెద్దామె అబద్ధం చెప్పింది. సినిమా ఎప్పుడో ఆగిపోయింది. నువ్వు ఉత్తగా నిలబడ్డవ్ ఈడ. ఉత్తగా. అమ్మ గాడ..."

శ్యామలాదేవి కమ్మీ పట్టుకుని మెట్లన్నీ దిగి వచ్చింది. ఆఖరి మెట్టు మీద నిలబడి రెండు చేతులూ జోడించింది.

తిరుమలేశ్ ఆమెకు ఎదురు దండం పెట్టాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"నాకెర్కే బిడ్డా."

"ఏది?"

"సిన్మ ఆగిపోయిందని. మూడో వారంలనే ఎర్కైంది. క్రిష్ణానగర్ల చాయ్ హోటల్ కాడ అందరు గదే ముచ్చట."

శ్యామలాదేవి మెట్టు మీదే కూలబడింది. "నీకు తెలుసా తిరుమలేశ్? తెలిసీ ఏడాదిన్నర..."

"సారు కిటికీలకెళ్ళి చూసేటోడు కదమ్మా. నీళ్ళు పోసుడైనంక ఎడమచెయ్యి లేపేటోడు నాకు. మంచిగ చేసినవ్ అన్నట్టు. నాకు గట్ల చెయ్యి లేపినోడు ఇంకొకడు లేడు. ఎట్ల బంద్ చెయ్యాలె?" అతను చొక్కా గుండీ తడుముకున్నాడు. "మీరు షాట్ అని చెప్పినప్పుడు గూడ ఎర్కనే. మీరు భయపడ్డరని మీ గొంతు చెప్పింది."

మంజులత ఎత్తిన గడ్డపార అలాగే పట్టుకుని వింటోంది. వాలు మీద కూలీలు పని ఆపేశారు.

ఇంతవరకూ మైత్రేయి కోపానికి ఒక మనిషి దొరికింది. ఇప్పుడు ఆ మనిషి చేతిలోంచి జారిపోతోంది. "ఎర్కుండి పోయినవా?" అంది. "షాట్ లేదని ఎర్కుండి, అమ్మకు జెరమని ఎర్కుండి, ఆసుపత్రికి తీస్కపోకుంట, ఈ లొట్టపీసుకు నీళ్ళు పోసెతందుకు పోయినవా నాయినా?"

అతను ఒక పూల కొమ్మ వంచాడు. భుజం ఎత్తు దగ్గర, ఎప్పుడూ కోసే చోట, చేత్తోనే పుటుక్కున విరిచాడు. తెల్లటి పాలు కారి వేళ్ళ మీదుగా చొక్కా చేతికి పాకాయి. విరిచిన ముక్కని గోడ అవతలికి విసరబోయి, ఆగి, తన పాదాల దగ్గర పెట్టుకున్నాడు.

"నన్ను పొమ్మన్నది మీ అమ్మనే" అన్నాడు. "ముందు రాత్రే నేను బండి మాట్లాడి పెట్టిన. పొద్దుగాల లేపితే రానన్నది. నువ్వు ఈడుండకు, పో, అన్నది."

"ఎందుకు?"

తిరుమలేశ్ పాలు అంటిన వేళ్ళు చొక్కాకు తుడుచుకున్నాడు. తల ఎత్తాడు. మైత్రేయి పుట్టి బుద్ధెరిగాక నాయిన కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదలు.

"నిన్ను గూడ ఎత్తుకపొమ్మన్నది బిడ్డా. నాకేమన్న అయితే పిల్ల చూడొద్దు, నా కాడ ఉండొద్దు అని రెండుమార్లు చెప్పింది. నేనే... నిన్ను ఆమె పక్కన ఇడిసిపెట్టి వచ్చిన."